‘మేం నగలు పెట్టుకోం సార్’

నా కాలిలో ఇప్పుడున్నది రెండో ప్లేటు. మొదటిది ఉక్కుది, ఇది టైటానియంది. ఈ రెండింటికీ మధ్య ఏం జరిగిందో రాయమని నన్నెవరూ అడగలేదు. ఒంట్లో లోహం పెట్టించుకోవలసి వచ్చినవాళ్లు ఎవరైనా ఇది చదివి, ఆపరేషనుకు ముందు డాక్టరు అడిగే చిన్న ప్రశ్న దగ్గర ఒక నిమిషం ఆగి ఆలోచిస్తారని రాస్తున్నాను. రాస్తే నా మనసు కొంత కుదుటపడుతుందేమోనన్న ఆశ కూడా ఉంది.

జూలై

మేం ఉండేది మన రాష్ట్రం సరిహద్దు దాటి, బచేలిలో, ఇనుప గని కంపెనీ క్వార్టర్లలో. మా సొంతూరు విజయనగరం వైపు. మా ఆయన యోహాను గనిలో పెద్ద యంత్రాల మెకానిక్కు, మా క్రైస్తవ సంఘంలో పెద్ద. నేను స్త్రీల కూడిక నడిపిస్తాను. బాప్తిస్మానికి సిద్ధపడే ఆడవాళ్లకు పాఠాలు చెబుతాను.

వానాకాలంలో ఇక్కడి నేలంతా ఎర్రబురద. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం మెట్లు దిగుతూ జారిపడ్డాను. కుడికాలు చీలమండకు కాస్త పైన విరిగింది. జోగమ్మ పరుగున వచ్చి నా తల తన ఒళ్లో పెట్టుకుంది. జోగమ్మది కుంట అనే ఊరి దగ్గర ఒక పల్లె. దోర్ల గిరిజనులు. వాళ్లాయన గనిలో లోడింగు దగ్గర కాంట్రాక్టరు కింద కూలి. మా క్వార్టర్ల గోడ అవతల బస్తీలో ఉంటారు. ఏడాదిగా సంఘానికి వస్తోంది, బాప్తిస్మం ఇంకా తీసుకోలేదు. ఆలస్యానికి కారణం నగలు. ముక్కుకు రెండు వైపులా పుడకలు, మెడలో పూసలు, చేతులకు వెండి కడియాలు. మా సంఘంలో నగలు పెట్టుకోరు. అవి తీసేసి రమ్మని దానికి ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ నా సాక్ష్యం చెప్పేదాన్ని. ప్రభువు పిలిచిన రోజే చెవి కమ్మలు తీసి పక్కన పెట్టాను, మళ్లీ ముట్టుకోలేదు అని.

జోగమ్మ నవ్వేది. “అమ్మా, దేవుడు నా ముక్కు చూస్తడా, ముక్కులో ఆడే ఊపిరి చూస్తడా?” అనేది.

“రెండూ చూస్తాడు” అనేదాన్ని.

“అయితే ముక్కు గూడ ఆయన చేసిందే గదా. చూడనియ్ తియ్.”

జగదల్‌పూర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎముకకు ప్లేటు వేసి మరలు బిగించాలన్నారు. పెద్ద డాక్టరు మా ఆయన ముందు రెండు ప్లేట్లు పెట్టి, ఒకటి ఉక్కు, ఒకటి టైటానియం, మామూలుగా రెండూ బాగానే పనిచేస్తాయి, మీ ఇష్టం అన్నాడు. వైద్యం కంపెనీ చూసుకుంటుంది కాబట్టి ఖర్చు మాట రాలేదు. మా ఆయన రెండింటినీ చెరో అరచేతిలో పెట్టుకుని తూచాడు. యంత్రాలతో బతికిన మనిషి. టైటానియం ప్లేటును బల్లమీద పెట్టేశాడు.

“మరీ తేలిక. ఇది మనిషిని మోస్తుందా? ఉక్కు వెయ్యండి.” తర్వాత స్ట్రెచరు మీదున్న నా దగ్గరికి వచ్చి, “మన కొండ ఇనుమే నీ కాల్లోకి వస్తోందే. ఇక నువ్వు కూడా గని ఆస్తివే” అన్నాడు. నొప్పిలో కూడా నాకు నవ్వొచ్చింది.

ఆపరేషనుకు ముందు ఒక కుర్ర డాక్టరు వచ్చి చక్కెర జబ్బు ఉందా, ఏ మందైనా పడదా అని హిందీలో వరసగా అడిగాడు. చివర్లో, నగలు పెట్టుకుంటే దురద గానీ పుండు గానీ వస్తుందా అన్నాడు. నేను హిందీలోనే జవాబిచ్చాను. ‘మేం నగలు పెట్టుకోం సార్.’ అంతటితో ఆగలేదు. అది మా విశ్వాసమనీ, బాప్తిస్మం నాటినుంచి ముట్టుకోలేదనీ చెప్పాను. పక్కనుంచి మా ఆయన, ముట్టుకోవాలన్న ఆశ కూడా లేదు సార్ అని కలిపాడు. ఆ అబ్బాయి గౌరవంగా తల ఊపి వెళ్లిపోయాడు. మంచంమీద కూడా సాక్ష్యం చెప్పే అవకాశం ఇచ్చినందుకు నేను ప్రభువుకు వందనాలు చెప్పుకున్నాను.

అతను అడిగింది నగల గురించి కాదు, నా చర్మం గురించి. అది నాకు తట్టలేదు.

ఆగస్టు, సెప్టెంబరు

ఇంటికి వచ్చిన మొదటి వారాలు బాగానే గడిచాయి. జోగమ్మ రోజూ పొద్దున వచ్చేది. వంట చేసి, నా జుట్టు దువ్వి, కట్టు లేని చోట మోకాలికీ పిక్కకూ ఇప్పనూనె మర్దన చేసేది. వాళ్లమ్మ పల్లెలో ఆడించి పంపిన నూనె. “పడుకుంటే కాలు కట్టెలెక్క అయితది. నరం కదలాలె” అనేది. దాని చేతులు గరుకుగా ఉండేవి. ఆ గరుకుదనమే నాకు హాయిగా ఉండేది.

సంఘ పెద్దలు కూడా వచ్చారు. వాక్యంలో ఉన్నట్టు మా పాస్టరు అయ్యగారు నా నుదుట ఒలీవ నూనె రాసి ప్రార్థించారు.

తర్వాత దురద మొదలైంది. ముందు కుట్ల పక్కన ఎర్రగా పొక్కింది, తర్వాత నీరు కారసాగింది. ప్లేటు ఉన్న మేర చర్మమంతా పచ్చిపుండులా తయారైంది. గాయం ఒక మూల మూసుకోవడం మానేసింది. జగదల్‌పూర్ మళ్లీ వెళ్లాం. చీము పట్టిందేమోనని పరీక్షలు చేశారు, మందులు మార్చారు. పరీక్షల్లో ఏమీ కనబడలేదు. ఎముక కూడా అతుక్కోవలసినంతగా అతుక్కోలేదన్నారు. ఆ వరండాలో బెంచీమీద ఎంతసేపు కూర్చున్నామో. పక్కన నారాయణపూర్ వైపు నుంచి వచ్చిన ముసలావిడ తన చీరకొంగుతో నా కాలిమీద ఈగలు తోలింది. మాటలు కలవలేదు, ఆమెది గోండి భాష. నా పేరు పిలిచేదాకా తోలుతూనే ఉంది.

డాక్టరు మా ఆయనతో విడిగా మాట్లాడాడు. పుండు లోపలికి పాకితే ఎముక పాడవుతుంది, అప్పుడు కాలు నిలుస్తుందని చెప్పలేను అన్నాడట. ఆ మాట మా ఆయన నాకు చెప్పలేదు. జీపులో దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అప్పుడే అర్థమైంది.

ఆ వారం స్త్రీల కూడిక మా ఇంట్లోనే పెట్టారు. మాలో పెద్దావిడ ఎస్తేరమ్మ నా కాలు చూసి ముక్కుమీద వేలేసుకుంది.

“ఏం రాస్తున్నారు దీనికి?”

“మందులే వదినా. పైన ఇప్పనూనె.”

“ఎవరిచ్చారు నూనె?”

జోగమ్మ వంటగది గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడి ఉంది. అందరూ అటు చూశారు.

“మా అమ్మ పంపింది. మా దగ్గర బాలింతలకు గూడ రాస్తరు” అంది జోగమ్మ.

“అందులో ఏం కలిపారో, ఏ దేవర దగ్గర పెట్టి తెచ్చారో ఎవరికి తెలుసు” అంది ఎస్తేరమ్మ. “ముక్కుపుడకే వదులుకోలేని మనిషి చేతి నూనె సంఘ పెద్ద ఇంట్లోకి ఎందుకు రానిచ్చావు సుగుణా?”

పక్కగదిలోంచి మా ఆయన వచ్చి గూట్లో ఉన్న సీసా తీసి పెరటి కాలువలో వంచేశాడు. గది నిండా ఇప్పనూనె వాసన.

అందరూ నావైపు చూస్తున్నారు. నూనె పుండుమీద ఎప్పుడూ పడలేదని నాకు తెలుసు. మోకాలి దగ్గరే రాసేది. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ కాలు పోతుందన్న భయంలో ఉన్నాను. కారణం ఒకటి చేతికి దొరికింది. దొరికిన కారణాన్ని వదలబుద్ధి కాలేదు.

“కొన్నాళ్లు రాకు జోగమ్మా” అన్నాను.

జోగమ్మ గ్లాసులు కింద పెట్టి, ఒక్కొక్కరికీ టీ ఇచ్చి, వెళ్లిపోయింది.

నూనె ఆగింది. దురద ఆగలేదు. అక్టోబరు వచ్చేసరికి పొక్కులు పొట్టమీదికీ మోచేతుల మీదికీ పాకాయి. నూనె తగలని చోట్లకు ఎలా పాకాయని నన్ను నేను అడిగి ఉండాల్సింది. దురదకు నిద్ర పట్టక, పాటల పుస్తకం అట్టతో ఒళ్లు రుద్దుకునేదాన్ని. ప్రార్థనలో కూర్చుంటే జోగమ్మ టీ ఇచ్చిన వరస గుర్తొచ్చేది. ముందు ఎస్తేరమ్మకు, చివర నాకు.

నవంబరు

మా అక్క విశాఖపట్నంలో ఉంటుంది. అక్కడ చూపిద్దామని రైలెక్కాం. ఆ కొండల్లో, సొరంగాల్లో రోజంతా ప్రయాణం. కాలు ఎదుటి సీటుమీద చాపుకుంటే ఎవరూ ఏమీ అనలేదు. దారిలో జయపురంలో ఎక్కినాయన తన సంచి తీసి నా మడమ కింద పెట్టాడు.

విశాఖలో ఎముకల డాక్టరు నన్ను చర్మం డాక్టరు దగ్గరికి పంపింది. మొదట ఆశ్చర్యమేసింది నాకు. విరిగింది ఎముక కదా. ఆ చర్మం డాక్టరు నెమ్మదస్తురాలు. నా కాలు చూసి, మోచేతులు చూసి, కుర్చీ దగ్గరగా లాక్కుంది.

“గిల్టు నగలు, గడియారం గొలుసు, పిన్నీసు, జాకెట్టు హుక్కు. వీటిలో ఏదైనా తగిలితే ఎప్పుడైనా దురద పెట్టిందా?”

“మేం నగలు పెట్టుకోం డాక్టరుగారూ. మా విశ్వాసం...”

వెనకనుంచి అక్క నవ్వింది. అక్క గుడికి వెళ్లే మనిషి. మా విశ్వాసం మాట ఎత్తితే చాలు, ఏదో ఒకటి అంటుంది.

“ఏటే, ఆవిడ విశ్వాసం అడిగిందా, ఒళ్లు అడిగిందా? డాక్టరమ్మా, దీనికి చిన్నప్పట్నుంచీ గిల్టు పడదు. ఏ తీర్థంలో కమ్మలు కొన్నా చెవులు పుండ్లయిపోయేవి. మాయమ్మ వేపపుల్లలు పెట్టీది. పెళ్లిలో ఎట్టిన బంగారపు దిద్దులు కూడా దీనికి పడీవి కావు. కల్తీ బంగారం అని మా మరిదిని ఎన్ని మాటలందో. నీకు గుర్తు లేదేటే?”

గుర్తు లేదు. అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే గుర్తు లేదు. అక్క చెబుతుంటే మాత్రం చెవి తమ్మెలు భగ్గుమన్నాయి. వేపపుల్ల వాసన తెలిసింది. రాత్రిళ్లు దిద్దులు తీసి దిండు కింద పెట్టుకోవడం, పొద్దున అత్తగారు చూడకముందే మళ్లీ దూర్చుకోవడం, అన్నీ వచ్చాయి. సంఘం నగలు తీసేయమన్నప్పుడు నాకు అది త్యాగం కాదు, సుఖం. కానీ సాక్ష్యంగా చెప్పీ చెప్పీ దాన్ని త్యాగం చేసుకున్నాను. చెప్పిన కథ నిలిచింది, చెవుల పుండు మరుగునపడింది.

వీపుమీద ఒక్కో లోహానికి ఒక్కో మందు బిళ్ల అంటించి, స్నానం చేయకుండా ఉంచి, తర్వాత తీసి చూశారు. ఒక్కచోట చర్మం ఎర్రగా ఉబ్బింది. అది నికెల్ అన్నారు. ఎముకల డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఉక్కు ప్లేటంటే ఉత్త ఇనుము కాదు. తుప్పు పట్టకుండా, గట్టిగా ఉండేలా వేరే లోహాలు కలుపుతారు, అందులో నికెల్ ఒకటి. చాలామంది ఒళ్లు దాన్ని పట్టించుకోదు. చర్మానికి పడనివాళ్లలో కూడా చాలామందికి లోపలి ప్లేటుతో ఇబ్బంది రాదు. కొద్దిమందికి వస్తుంది. “మీకు ఇదే కారణమని నూటికి నూరుపాళ్లు చెప్పలేను. మిగతా కారణాలన్నీ వెతికాం, దొరకలేదు. ప్లేటు మార్చి చూద్దాం.”

మా ఆయన అడిగాడు. “టైటానియం వేసుంటే?”

“ఈ బాధ రాకపోయి ఉండొచ్చు.”

“తేలిగ్గా ఉందని నేనే పక్కన పెట్టేశానమ్మా.”

“తేలికైనా అది మోస్తుంది. దాని బిగువు ఎముక బిగువుకు దగ్గరగా ఉంటుంది, ఉక్కంత గట్టిది అవసరం లేదు. మీకెవరూ చెప్పలేదు, మీరు అడగలేదు. ఆయన రెండూ మంచివే అన్నాడు, అదీ అబద్ధం కాదు” అందామె.

ఆ సాయంత్రం అక్క ఇంటి డాబామీద మా ఆయన చాలాసేపు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. నేనేమీ ఓదార్చలేదు. తప్పు తనదేనని ఆయన అనుకుంటున్నాడు. తనదేనని అనుకోనిచ్చాను, కాసేపు. నాకు మాత్రం ప్లేటు కన్నా ముందు జోగమ్మ గుర్తొచ్చింది.

డిసెంబరు, జనవరి

క్రిస్మస్‌కు ముందు రెండో ఆపరేషను అయింది. క్రిస్మస్ ఆరాధన అక్క ఇంట్లో మంచంమీద నేనొక్కదాన్నే చేసుకున్నాను. అక్క పక్కన కూర్చుని, రాని పాటకు చప్పట్లు కొట్టింది. ఒక్కొక్క పొక్కూ ఎండడం మొదలుపెట్టింది. మొదట మోచేతులు, తర్వాత పొట్ట, ఆఖరికి కాలు. కొత్త చర్మం వంకాయ రంగులో వచ్చింది. ఎముక అతుకుతోందనీ, కాలు నిలుస్తుందనీ డాక్టరు చెప్పిన రోజు మా ఆయన ఆసుపత్రి వరండాలోనే మోకరించాడు. జనం తప్పుకుని నడిచారు.

ప్రభువు నన్ను శిక్షించాడని నేననుకోను. ఆయన అలాంటివాడు కాడు. దాగినదాన్ని వెలుగులోకి తెచ్చాడు, అంతే. వెలుగులో నాకు కనబడింది నా నోరు. డాక్టరు ముందు అక్కర్లేని చోట మాట్లాడింది. జోగమ్మ ముందు మాట్లాడాల్సిన చోట మూసుకుంది.

మార్చి

చేతికర్రతో బచేలి వచ్చాం. మర్నాడే బస్తీకి వెళ్లాను. జోగమ్మ చింతపండు పిక్క తీస్తోంది. లేచి నాకు పీట వేసింది.

“ఏందమ్మా, నడిచి వొచ్చినవ్. కబురంపితే నేను రాకపోతునా?”

పీటమీద కూర్చుని అంతా చెప్పాను. ప్లేటు సంగతి, నికెల్ సంగతి, నా చెవుల సంగతి. నూనెది తప్పు కాదన్నాను. క్షమించమన్నాను. ఆమె పిక్కలు తీస్తూనే వింది.

“నూనె కాదని నాకు ఎరుకే. పుండు మీద నేను రాయలే. నీకు గూడ ఎరుకే.”

“ఎరుకే” అన్నాను.

“మరి ఇప్పుడు ఒక్కదానివే వొచ్చి చెప్తున్నవ్. నన్ను పొమ్మన్నది నలుగురిల గదా.” కోపంగా అనలేదు. ధర చెప్పినట్టు అంది. “మా బస్తీల ఆడోళ్లు నా చేత బిడ్డలకు నూనె రాపిచ్చుకుంటలేరు. మందు పెట్టేటోళ్లమంట.”

అది నాకు తెలియదు. నేనన్న మాట గోడ దాటి ఇంత దూరం నడిచి వచ్చిందని తెలియదు. అప్పటికి నేను ఇంకా సరిగా నడవలేకపోతున్నాను.

వచ్చే ఆదివారం నా స్వస్థత గురించి సాక్ష్యం చెప్పమని అయ్యగారు ముందే అడిగి ఉన్నారు. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సమాధానపడమన్న మాట నేను ఎంతమందికి బోధించానో. ఆ ఆదివారం లేచి నిలబడి ప్రభువుకు వందనాలు చెప్పాను. తర్వాత నూనె సంగతి చెప్పాను. తెలుగులో చెప్పి, బస్తీవాళ్ల కోసం వచ్చీరాని హల్బీ భాషలో మళ్లీ చెప్పాను. కాలు చెడింది జోగమ్మ నూనెవల్ల కాదు, నూనె పుండుమీద పడలేదు, తెలిసీ ఊరుకున్నాను అన్నాను. నగలు వదలడం నాకు కష్టం కాలేదనీ, అవి నా ఒంటికే పడవనీ, నా సాక్ష్యం విని ఎవరైనా తమను తాము తక్కువ చేసుకుని ఉంటే నన్ను మన్నించమనీ అన్నాను.

ఎస్తేరమ్మ పక్కావిడతో వినబడేలా, “దేవుని మహిమ చెప్పమంటే నూనె గొడవ చెప్పిందేంటి” అంది. అప్పుడు మగవాళ్ల వైపునుంచి మా ఆయన లేచాడు. “సీసా పారబోసింది నేను” అన్నాడు. మళ్లీ కూర్చున్నాడు.

జోగమ్మ తలుపు పక్కన బిడ్డతల్లుల మధ్య కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. ఆరాధన అయ్యాక పలకరించబోయేలోగా వెళ్లిపోయింది.

బాప్తిస్మ పాఠం ఇంకెవరికైనా ఇవ్వమని అయ్యగారిని అడిగాను. “ఇప్పుడే నువ్వు చెప్పాలి” అన్నారాయన. చెబుతున్నాను. సంఘ నియమం ఇదీ అని చెబుతాను. నా కథ మాత్రం చెప్పను. మీలో ఎవరికైనా ఆపరేషనంటే, చిన్నప్పుడు ఏ లోహం పడలేదో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, అడిగి డాక్టరుకు చెప్పండి అంటాను. అది పాఠంలో లేదు. అయినా చెబుతాను.

ఇప్పుడు

జోగమ్మ మళ్లీ వస్తోంది. నేను పిలవలేదు, పిలిచే ముఖం లేదు. ఒక పొద్దున తనే వచ్చి, కాలు చూపించమని, కొత్త చర్మాన్ని వేలితో నొక్కి చూసి, “మంచిగ పట్టింది” అంది. బస్తీలో తల్లులు బిడ్డల్ని మళ్లీ దాని దగ్గరికి తెస్తున్నారట. బాప్తిస్మం మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ముక్కుపుడకలు ఉన్నచోటే ఉన్నాయి. జోకులు కూడా వేస్తుంది. మా ఆయన్ని చూసి, “అయ్యా, అమ్మ కాల్లో ఇనుము తీసినరు గదా, కొండకు తిరిగి ఇచ్చినవా?” అని అడిగింది. ఆయన చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాడు.

కానీ ఒకటి మారింది. జోగమ్మ మా ఇంట్లోకి నేరుగా రాదు. వాకిట్లో కుళాయి దగ్గర ఆగుతుంది. సబ్బు తీసుకుని, మోచేతుల దాకా చేతులు కడుక్కుంటుంది, అందరికీ కనబడేలా. అప్పుడు లోపలికి వచ్చి నా కాలు ముట్టుకుంటుంది. ఎవరూ అలా చేయమనలేదు. వద్దని రెండుమూడుసార్లు చెప్పాను. “ఉండనియ్ అమ్మా, మంచిదే గదా” అంటుంది, నవ్వుతూనే. లోపల కుర్చీలో కూర్చుని, నీళ్లు ఆగేదాకా వింటాను.